తిరిగొచ్చిన పిలుపులు

కొట్టు మెట్ల కింద గదిలో కుర్చీ వేస్తే తలుపు మూతపడదు. అందుకని కంప్యూటర్లు బాగుచేసే లక్ష్ముడు ఎప్పుడొచ్చినా గొంతుక్కూర్చునే పని చేస్తాడు. ముందుగా సర్వర్ పెట్టె నెత్తిమీద శుక్రవారం నాటి కుంకుమను రుమాలు కొసతో తుడిచాడు. కుంకుమ ఫ్యాను కంతల్లోకి జారితే పెట్టె వేడెక్కి చస్తుందని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి మానేశాడు. లక్ష్మీదేవి పటం పక్కన పెట్టిన వస్తువుకి బొట్టు తప్పదు. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని లోపలికి చూశాడు.

కొట్టు నుంచి మెయిల్లో పోయిన ఉత్తరం పోయినట్టే తిరిగొస్తోంది. హైదరాబాదు షాపుకి పంపిన ధరలు తిరిగొచ్చాయి. మద్రాసు ఆర్డరుకి ఇచ్చిన జవాబు తిరిగొచ్చింది. ప్రతిదాని చివరా అవతలివాళ్ళు ఒకే మాట తగిలించి పంపుతున్నారు: మీ దగ్గర్నుంచి అక్కర్లేని ఉత్తరాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి, ఇక మీవి తీసుకోం.

"ఏటైంది లక్ష్ముడూ?" తలుపు దగ్గర నిలబడి నగరేశ్వరరావు అడిగాడు. పొందూరు ఖద్దరు కొని దేశం మీద దుకాణాలకి పంపే వ్యాపారం ఆయనది. ఒంటి మీద మాత్రం ఎప్పుడూ మిల్లు గుడ్డే.

"బ్లాక్‌లిస్టులో పడిపోనాం బాబూ."

"అంటే?"

"ఈ ఇంటి నుంచి ఎవులొచ్చినా గుమ్మం ఎక్కనివ్వొద్దని ఊరందరూ అనీసుకున్నారనుకోండి, అలగ. పెద్ద కంపెనీ సర్వరైతే ఆళ్ళే సూసుకుందురు. మనది సొంతం. మన తరపున మాటాడీవోడు లేడు."

"సొంతం కాకపోతే మన ధరలట్టుకెళ్ళి ఊరోడి బీరువాలో దాయమంటావేటి?"

ఈ మాట లక్ష్ముడు ఈ గదిలో చాలాసార్లు విన్నాడు. కొట్టు ఉత్తరాలు కొట్టులోనే ఉండాలన్నది సావుకారు పంతం. ఆ పంతం వల్లే లక్ష్ముడికి ఇక్కడ పని. అందుకని ఎదురు చెప్పలేదు.

జేబులో ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. ఎవరిదో మందుల కొట్టు, బిల్లు మిషను ముందుకి కదలడం లేదట. "ఉండండుండండి" అంటూ ఫోను చేతిలోకి తీసుకుని, దాన్లోంచే వాళ్ళ కంప్యూటర్లోకి వెళ్ళి బొటనవేలితో ఏదో కొట్టి, "అయిపోనాది, సూడండి" అని కట్టేశాడు. కళ్ళు సగం ఫోను మీద, సగం సర్వర్ తెర మీద. ఫోను జేబులో పడేసరికి ఆ మందుల కొట్టు ఏ వీధిలోదో కూడా బుర్రలో లేదు. రోజంతా అంతే. నిచ్చెన మీద, బండి మీద, తినే కంచం ముందు.

సర్వర్ రాసిపెట్టుకున్న పాత లెక్కలన్నీ వెనక్కి జరుపుకుంటూ పోయాడు. సోమవారం పొద్దుట దొరికింది. కొట్టు తెరిచిన కాసేపటికే ఉత్తరాలు బయల్దేరాయి. ఒకటీ అరా కాదు, తెర దొర్లుతూనే ఉంది, అన్నీ బరువైనవే. అన్నీ ఒకే లాగిన్ నుంచి.

"ఝాన్సీ లాగిన్ నుంచి పోనాయి బాబూ."

ముందు హాల్లో బల్ల దగ్గర ఝాన్సీ తలెత్తింది. కొట్టుకి వచ్చే ఉత్తరాలు చదివేదీ, జవాబులు రాసేదీ ఆ పిల్లే. లేచి గుమ్మందాకా వచ్చింది.

"అన్నియ్యా, ఆ సోమవారం..."

"ఉండమ్మా, ఉండు. లెక్క తెగిపోతాది." ఆమె వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

అతన్ని గుచ్చుతున్నది వేరే. గంటకి ఇన్నిటికి మించి పోకూడదని ఈ సర్వరుకి అతనే ఒక గేటు పెట్టాడు. అదుంటే ఇన్ని ఉత్తరాలు పోయే దారే లేదు. ఆ గేటు రాసిన ఫైలు తెరిచాడు. రాత అక్కడే ఉంది, కాని దాని ముందు ఎవరో ఒక గుర్తు కొట్టారు. ఆ గుర్తుంటే సర్వర్ ఆ వరసని లేనట్టే దాటేస్తుంది. ఫైలు మారింది సోమవారమే.

తన పనిలో ఎవరో వేలు పెట్టారు.

"గేటు తీసీసారు బాబూ. ఎవులో కావాలనే తీసీసారు."

"ఎవరు?"

"దీని పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. నాకూ, ఝాన్సీకీ. నేను లేనప్పుడు పనికొస్తాదని నేనే సెప్పేను."

అంతే అన్నాడు. రోగం దొరికిన డాక్టరు గొంతుతో అన్నాడు. ఆ మాట గదిలోంచి హాల్లోకి ఎలా వెళ్తుందో ఆలోచించలేదు.

నగరేశ్వరరావు వెనక్కి తిరిగాడు. "నువ్వేనా?"

ఝాన్సీ తల తిప్పింది. లక్ష్ముడి వైపు చూసింది. లక్ష్ముడు తెర వైపు చూస్తున్నాడు.

"నేనే సార్."

"రేపట్నుంచి రానక్కర్లేదు."

లక్ష్ముడి వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. చీవాట్లు పడతాయనుకున్నాడు. మహా అయితే పాస్‌వర్డు మార్చమంటారనుకున్నాడు. సావుకారు గొంతులో కోపం కూడా లేదు, గుడ్డ తాను మడతపెట్టి అరలోకి నెట్టినంత నెమ్మదిగా అనేశాడు. ఝాన్సీ ఏడవలేదు, అడగలేదు. క్యారేజీ గిన్నె సంచిలో పెట్టుకుంది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేముందు చేసినట్టే కీబోర్డు మీద ఖద్దరు ముక్క కప్పి, నాలుగు మూలలూ సరిచేసింది. అప్పటికి ఇంకా మధ్యాహ్నం భోజనాలే కాలేదు.

*

మర్నాడు లక్ష్ముడు వచ్చేసరికి ఆ ఖద్దరు ముక్క అలాగే ఉంది. బల్ల దగ్గర ఎవరూ లేరు.

అవతలివాళ్ళు తీసుకోని ఉత్తరాలు కొన్ని ఇంకా సర్వర్లోనే ఇరుక్కుని ఉన్నాయి. కాసేపటికోసారి బయల్దేరడం, గుమ్మం దగ్గర తన్నులు తిని మళ్ళీ వచ్చి కూచోవడం. అవి ఉన్నంతకాలం బ్లాక్‌లిస్టు వాళ్ళు నమ్మరు. అన్నీ తుడిచేసే ముందు, వైరస్ ఏ రకానిదో చూద్దామని ఒకదాన్ని విప్పాడు.

బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది. నాలుగు మూలలా పసుపు. మధ్యలో వినాయకుడు. కింద బంగారు రంగు అక్షరాల్లో సావుకారు కూతురు పేరు, విజయనగరం పెళ్ళికొడుకు పేరు, ముహూర్తం.

లక్ష్ముడు గొంతుక్కూర్చున్నవాడు వెనక్కి చతికిలబడ్డాడు. ఇంకోటి విప్పాడు. అదే కార్డు. మరోటి, మరోటి. వైరస్సూ లేదు, దొంగా లేడు.

ఎవరెవరికి వెళ్ళాయో చూశాడు. ఈ కొట్టుకి ఎప్పుడైనా ఒక్క ఉత్తరం రాసిన ప్రతివాడికీ వెళ్ళింది. ధర అడిగి కొననివాళ్ళకి వెళ్ళింది. దుకాణం ఎత్తేసిన బరంపురం పార్టీకి వెళ్ళింది. మొన్న కార్తీకంలో పోయిన చీరాల ఆయనకి వెళ్ళింది. బ్యాంకు నుంచి మెసేజీలు పంపే మిషను చిరునామాకి, కరెంటు బిల్లు వచ్చే చిరునామాకి కూడా బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించమని పిలుపు వెళ్ళింది. లక్ష్ముడికి నవ్వు రాబోయి, హాల్లో ఖాళీ బల్ల గుర్తొచ్చి ఆగింది.

లేచి హాల్లోకి వెళ్ళాడు. నగరేశ్వరరావు, కొడుకు ప్రమోద్ తానుల దగ్గర ఉన్నారు. ప్రమోద్ ఇంజినీరింగు చదివి వ్యాపారంలోనే కూచున్నాడు.

"బాబూ, అది వైరస్ కాదు. పెళ్ళి కార్డులు."

"తెలుసు," అన్నాడు నగరేశ్వరరావు. తాను కొస వేళ్ళతో నలిపి చూస్తూనే ఉన్నాడు. "నేనే పంపమన్నాను. ఒక్కరు కూడా తప్పకూడదన్నాను. పిలుపు తప్పిందని రేపు మాటొస్తే పడాల్సింది నేను కదా."

"మరి ఝాన్సీనెందుకు తీసీసారు?"

ప్రమోద్ గల్లాపెట్టె మీది దుమ్ము చూస్తున్నాడు. నగరేశ్వరరావు తాను కింద పెట్టి, ఓపిగ్గా, సరుకు గురించి తెలియని బేరగాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మా వియ్యంకుడు ఆయన ఆఫీసు వాళ్ళ చిరునామాలు మనకే ఇచ్చాడు, మీరే పంపండని. ఒక్కడికీ అందలేదు. కొందరికి చెత్తలోకి పోయిందట. పెళ్ళి పిలుపు చెత్తలోకి పోయిందంటే ఆయన ఎలా ఉంటాడు? ఫోన్ చేసి అరిచాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. మా పిల్ల గుమస్తా ఏదో నొక్కీసింది, తీసీసామండీ అని చెప్పాను. చల్లబడ్డాడు."

"నొక్కలేదు కదా బాబూ."

"గేటు తీసిందన్నావు కదా? ఎవరన్నారు ఆ మాట? నువ్వే అన్నావు. నీ నోటంట వినేదాకా నాకా గేటు సంగతే తెలీదు."

సావుకారు మళ్ళీ ఆ తాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంతకీ ఆ లిస్టోళ్ళకి రాసేవా?"

రాయాలి. మా వల్ల ఇలా జరిగింది, ఇలా సరిదిద్దుకున్నాం, మమ్మల్ని వదిలేయండి అని రాస్తే చూసి వదులుతారు. లక్ష్ముడికి ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగానే వస్తుంది. ప్రమోద్ పక్కన నిలబడి చెప్పాడు, లక్ష్ముడు కొట్టాడు. మా ఉద్యోగి పొరపాటు వల్ల జరిగింది. ఆ ఉద్యోగిని తొలగించాం. ఇకముందు జరగదు.

"తొలగించామన్న మాట తీసీమంటారా?" అన్నాడు లక్ష్ముడు.

"ఉండనీ," అన్నాడు ప్రమోద్, గొంతు తగ్గించి. "అదుంటే తొందరగా ఒప్పుకుంటారు."

పంపు అన్న చోట నొక్కాడు. తర్వాత గేటు ముందున్న గుర్తు చెరిపి, సర్వర్‌ని మళ్ళీ లేపాడు. ఇరుక్కున్న పిలుపులన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేశాడు. తుడిచే ముందు ఊరికే వెతికి చూశాడు. ఆ చిరునామాల్లో తన పేరు లేదు. ఝాన్సీ పేరూ లేదు.

*

ఆ సాయంత్రమే ఝాన్సీ ఊరు పొందూరు వెళ్ళాడు. బండి మీద దారంతా ఝాన్సీకి చెప్పవలసిన మాట కూర్చుకున్నాడు. నీ తప్పు లేదమ్మా, నాకు తెలిసిపోయింది, సావుకారు ఆడిన నాటకం ఇది. గేటు తీయడం మాత్రం నువ్వు తొందరపడ్డావు, నన్నొకమాట అడగవలసింది. అలా అనాలనుకున్నాడు.

ఇంటి అరుగు మీద ఝాన్సీ తల్లి జగ్గమ్మ పత్తి ఏకుతోంది. వాలుగ చేప దవడ ఎముక కుడిచేతిలో. ఎడమచేతి వేళ్ళ మధ్య గింజ. సన్నని పళ్ళతో దువ్వుతుంటే గింజ చుట్టూ పోగులు పొగలా లేచి నిలుచుంటున్నాయి. బండి చప్పుడుకి తలెత్తింది గాని చెయ్యి ఆపలేదు.

"ఒసే ఝాన్సీ, మిషన్ల డాక్టరొచ్చేడే. ఇంకా ఏటి తీసీడానికొచ్చేవు నాయినా? మిగిలింది ఈ సేప ముల్లే."

"అమ్మా, ఊరుకో." ఝాన్సీ లోపల్నుంచి పీట తెచ్చి వేసింది. "కూకోండన్నియ్యా. టీ పెడతాను."

"టీ వద్దు. ఒక మాట సెప్పాలి. అయ్యి పెళ్ళి కార్డులని తెలిసింది నాకు. సావుకారే పంపమన్నాడట కదా. ఆయన నోటితోనే అన్నాడు."

"ఊఁ," అంది ఝాన్సీ.

"వియ్యంకుడి ముందు పరువు కోసం నిన్ను తీసీసేరు."

"తెలుసన్నియ్యా. ఫోన్లో అరుస్తంటే నేనక్కడే ఉన్నాను."

ఆమెకి ఆశ్చర్యం లేకపోవడం లక్ష్ముడికి నచ్చలేదు. ఇంతదూరం మోసుకొచ్చిన మాట చేతిలోనే చప్పబడిపోయింది. "మరి తెలిసి కూడా నేనే తీసేనని ఎందుకన్నావు? గేటు తీసే ముందు నన్నొక్క మాట అడగొద్దా?"

ఝాన్సీ అతని మొహంలోకి చూసింది. ఆటపట్టిస్తున్నాడా అని వెతుకుతున్నట్టు చూసింది.

"అడిగేను కదా."

"ఎప్పుడు?"

"సోమారం. సగం పోయి ఆగిపోనాయి. గంటకిన్నే అని అడ్డం కొట్టీసింది. సావుకారు కుర్సీ పక్కనే నిలబడి, ఏటాపేవు, పంపు పంపు అంటన్నారు. ఆయనలా బయటికెళ్ళగానే మీకు ఫోన్ సేసేను. ఎక్కడో కెమెరా బిగిస్తన్నారు. నిచ్చెన కదుల్తాది, తొందరగా సెప్పమ్మా అన్నారు. అన్నియ్యా, గేటు అడ్డమొస్తంది, ఇంకా సానా పంపాలి అన్నాను. ఉండుండు అన్నారు. కాసేపటికి, తీసీసేను, సూడు అన్నారు."

జగ్గమ్మ చేతిలో చేప ఎముక గరగరలాడుతోంది.

లక్ష్ముడు అబద్ధం అనబోయాడు. అనబోయి ఫోను తీశాడు. సోమవారం వచ్చిన పిలుపుల్లో వెతుక్కుంటూ కిందికి జరిపాడు. ఝాన్సీ పేరు ఉంది. అప్పుడు ఒక్కసారిగా ఆ పొద్దు గుర్తొచ్చింది: ఫ్యాన్సీ కొట్టు గోడ, కాలికింద ఊగుతున్న నిచ్చెన మెట్టు, పళ్ళ మధ్య స్క్రూ, చెవిలో ఎవరిదో గొంతు. బొటనవేలు. 'తీసీసేను, సూడు.' ఎందుకని అడగలేదు. ఏం పంపుతున్నావని అడగలేదు. మరుక్షణం స్క్రూ కింద పడితే దాన్ని వెతుక్కున్నాడు.

ఇద్దరికే తెలుసు, నాకూ ఝాన్సీకీ అని చెప్పాడు. ఆ ఇద్దరిలో తను కూడా ఉన్నాడన్న సంగతి ఆ మాట అంటున్నప్పుడు క్షణమైనా తోచలేదు.

"మరి నా పేరు సెప్పలేదేటే?" ఫోను జేబులో పెట్టకుండానే అడిగాడు.

"సెబుదామనే గుమ్మం కాడికొచ్చేను. మీరే ఉండమన్నారు." ఝాన్సీ మెట్టు మీద కూచుంది. "తరవాత మీరు ఇద్దరికే తెలుసన్నారు. నన్ను ఇరికిద్దామనే అన్నారనుకున్నాను. సరే, పెద్దోరు, ఏదో భయం ఉన్నాది కాబోలు, మీకూ పిల్లలున్నారు కదా అనుకున్నాను. ఐనా నేనడిగితేనే కదా మీరు తీసేరు."

"నీకు ఇంకో కొట్లో..."

"ఎవులిస్తారు? బజారంతా సెప్పుకుంటన్నారట, సావుకారు కొట్లో కంప్యూటర్లు పాడుసేసిన పిల్లని."

"సదువుకున్నాది కాబట్టి ఊరుకున్నాది," అంది జగ్గమ్మ పత్తి మీంచి కళ్ళెత్తకుండా. "నేనైతే ఆ నిచ్చెనట్టుకుని లాగీసుందును."

లక్ష్ముడు లేచాడు.

*

పొద్దుట కొట్టుకి వెళ్ళేసరికే బ్లాక్‌లిస్టు వాళ్ళ జవాబు వచ్చి ఉంది. మిమ్మల్ని వదిలేశాం అని. లక్ష్ముడు హైదరాబాదు షాపుకి ఒక ఉత్తరం పంపి చూశాడు. పోయింది. వాళ్ళ దగ్గర్నుంచి అందిందని జవాబు కూడా వచ్చింది. వేరే రోజైతే లేచి, నడుం విరుచుకుని, ఒక బీడీ కాల్చుకునేవాడు.

"మొత్తానికి సాధించేవురా లక్ష్ముడూ!" నగరేశ్వరరావు మొహం విచ్చుకుంది. లోపలి గదిలోకి వెళ్ళి అచ్చు వేయించిన కార్డు ఒకటి తెచ్చాడు. కవరు మీద 'లక్ష్ముడు గారికి' అని ఆయన చేతిరాత. కవర్లోంచి కనపడే కార్డు మూలలు ఇంకా పసుపు తడితో ఉన్నాయి. "నిన్ను మర్చిపోతానా? మెయిల్లో కాదు, చేత్తో ఇవ్వాలని ఆగేను. ఇంటిల్లిపాదీ రావాలి."

లక్ష్ముడు రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. కవరు మీది తన పేరు చదువుకున్నాడు.

"బాబూ, ఆ గేటు తీసింది నేను."

"ఏటి?"

"ఝాన్సీ కాదు. నేనే. ఫోన్లోంచి తీసీసేను. ఎందుకని అడగనైనా లేదు. తీసి మర్చిపోనాను. ఆ పిల్ల అడ్డం సెప్పకుండా మీద వేసీసుకుంది."

ప్రమోద్ గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తాడు. నగరేశ్వరరావు బల్ల మీద చెయ్యి ఆనించాడు. ఆయన కళ్ళలో కోపం కోసం లక్ష్ముడు చూశాడు. మీద పడితే పడనీ అని చూశాడు. కోపం రాలేదు. తాను బాగోలేదని తెలిసినప్పుడు, ఇంకో తాను ఎక్కడుందా అని అరలు వెతికే చూపు వచ్చింది.

"అంటే మిషనోడి తప్పు," అన్నాడు నెమ్మదిగా.

"నాదీ ఉన్నాది బాబూ. మీదీ..."

"వియ్యంకుడికి అదింకా నయం. ఇంట్లో మనిషి తప్పు కాదు, బయటి మిషనోడి తప్పు." కొడుకు వైపు తిరిగాడు. "ప్రమోదూ, ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. రేపట్నుంచి రమ్మను. మద్రాసు ఆర్డరుకి జవాబు రాసేవాళ్ళు లేక చస్తున్నాం. వియ్యంకుడికి నేను చెప్పుకుంటాను."

లక్ష్ముడికి గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. ఈ ఒక్క మాట కోసమే వచ్చాడు. ఇంత సుళువుగా వస్తుందనుకోలేదు. దండం పెట్టబోయాడు.

నగరేశ్వరరావు చెయ్యి చాచి అతని చేతుల్లోంచి కార్డు తీసుకున్నాడు.

లాక్కోలేదు. పొరపాటున ఇచ్చిన చిల్లర వెనక్కి తీసుకున్నట్టు తీసుకున్నాడు. లక్ష్ముడి చేతులు ఇంకా చాచే ఉన్నాయి. పెళ్ళి పిలుపు చేతికిచ్చి వెనక్కి తీసుకోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పగవాడి ఇంట్లో కూడా వినలేదు. ప్రమోద్ "నాన్నా" అన్నాడు, అని ఊరుకున్నాడు.

సావుకారు బల్ల మీదికి వంగి కవర్లోంచి కార్డు బయటకి లాగాడు. పసుపు మూలలు చెదరకుండా కొనలు పట్టుకుని లాగాడు. కొత్త కవరు తీసి, అందులో ఆ కార్డే పెట్టి, కలం మూత పంటితో తీసి, పైన 'చి. ఝాన్సీకి' అని రాశాడు. రాసి, సిరా ఆరాలని నోటితో ఊదాడు.

"పాస్‌వర్డు ప్రమోద్‌కి చెప్పి వెళ్ళు. ఇంక వేరేవాణ్ణి చూసుకుంటాం."

లక్ష్ముడు చెప్పాడు. ప్రమోద్ ఫోన్లో కొట్టుకున్నాడు, తలెత్తకుండా. మెట్ల కింద గదిలో ఫ్యాను తిరుగుతూ ఉత్తరాలు పోతూనే ఉన్నాయి. శుక్రవారం కదా, పెట్టె మీద కొత్త కుంకుమ పడింది. రుమాలు కోసం జేబులోకి పోయిన చెయ్యి అక్కడే ఆగింది.

బయటికి వచ్చేటప్పుడు బల్ల మీద పాత కవరు ఉంది. 'లక్ష్ముడు గారికి'. ఎవరూ వద్దనలేదు. తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంతకాలంలో ఆ కొట్లో తన పేరు పక్కన 'గారు' అని ఎవరైనా రాయడం అదే మొదలు. లోపల ఏమీ లేని కవరు, నడుస్తుంటే జేబులో చప్పుడైనా చేయలేదు.